స్టెప్నీ

పేరు చెప్పగానే మమ్మల్ని రెండు ప్రశ్నలు అడుగుతారు. మీ ఇంట్లో తెలుగు మాట్లాడతారా అన్నది మొదటిది. మీది మెకానిక్ షెడ్డా, పంచర్ షాపా అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు ఇరవై ఏళ్లుగా తెలుగులో వార్తలు రాసి జవాబు చెబుతున్నాం. రెండో ప్రశ్నకు తలెత్తి జవాబు చెప్పడం 2016 వేసవి దాకా మాకు చేతకాలేదు. ఎందుకంటే అది నిజం. మాది మెకానిక్ షెడ్డే.

మా ఊరు కవిటి. ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస. కాళ్ల కింద ఇసుక, తూర్పున సముద్రం, కాస్త ఉత్తరానికి పోతే ఒడిశా. గుంటూరులోనో కడపలోనో ఉన్నట్టు ఇక్కడ మాకంటూ ఒక వీధీ లేదు, బజారూ లేదు. మా ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంట్లో ఉర్దూ, వీధిలో ఉద్దానం తెలుగు, సంతలో కాసింత ఒడియా. రోడ్డు పక్కన కొబ్బరి దూలాల మీద నాలుగు రేకులు వేసి అబ్బా షెడ్డు పెట్టాడు. ఊరంతా ఆయన్ని ‘మెకానిక్ సాయిబు’ అనే పిలిచింది. ఆయన అసలు పేరు ఓటర్ల జాబితాలో తప్ప ఎక్కడా వినబడలేదు.

అబ్బా భాయ్‌జాన్ చేతికి పానా ఇచ్చాడు. మా చేతికి పెన్ను ఇచ్చాడు. మేం షెడ్డులోకి అడుగుపెడితే చాలు, ‘హాత్ కాలే హో జాతే బేటా, జాకే పఢో’ అని తరిమేవాడు. చేతులు నల్లబడతాయట. ఆయన చేతులు అప్పటికే నల్లబడి ఉన్నాయి. ఆ చేతులతో సంపాదించిన డబ్బుతోనే మేం బి.ఏ. చదివాం, చరిత్ర చదివాం, పేపర్లో చేరాం. కాలేజీలో ‘మీ నాన్న ఏం చేస్తాడు?’ అని ఎవరైనా అడిగితే ‘బిజినెస్’ అన్నాం. ఆ ఒక్క మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాం.

2016 వేసవిలో ఒక రాత్రి పక్కింటి మావయ్యకు ఊపిరి ఆడలేదు. ఆయన కొబ్బరి రైతు. మాకు రక్త సంబంధం లేని మావయ్య, మా పండక్కి సేమియా తినే మావయ్య. ఉద్దానంలో చాలామందికి పోయినట్టే ఆయన కిడ్నీలూ పోయాయి. అప్పటికి ఇక్కడ డయాలసిస్ లేదు. అయితే శ్రీకాకుళం, లేకపోతే విశాఖ. అద్దె కారు మాట్లాడుకుని ఆయన్నీ, ఆయన భార్యనీ, ఇంటర్ చదువుతున్న కూతుర్నీ, ఇద్దరు బంధువుల్నీ ఎక్కించుకుని బయలుదేరాం. జనం ఇంకా ఐదో నంబరు రోడ్డనే పిలిచే పదహారో నంబరు రహదారి మీద పలాస దాటాం. టెక్కలి ఇంకా రాలేదు. వెనక ఎడమ టైరు పేలింది.

డ్రైవరు ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు. బండి తోలడం తెలుసు, అంతే. కారు రోడ్డు అంచున ఇసుకలోకి దించాడు. కారులోంచి ఒక గొంతు వినిపించింది. ‘ఓ సాయిబు బాబూ, నువ్వు దిగవేటి? మీ వోల్ల పనే గదా!’

ఆ మాటలో వెటకారం లేదు. నమ్మకం ఉంది. అదే మమ్మల్ని ఎక్కువ బాధించింది. మెకానిక్ సాయిబు కొడుకులం, మెకానిక్ సాయిబు తమ్ముళ్లం. నిజాం కాలపు శిస్తుల గురించి నాలుగు పేజీలు రాయగలం. చక్రం విప్పడం మాకు రాదు.

అయినా దిగాం. కారు డ్రైవరూ మేమూ కలిసి ముందు జాకీ ఎక్కించాం. చక్రం గాలిలోకి లేచింది. పానా పెట్టి తిప్పితే నట్టు కదల్లేదు, చక్రమే గిర్రున తిరిగింది. గట్టిగా లాగితే జాకీ ఇసుకలోకి దిగబడింది, కారు ఒక పక్కకు ఒరిగింది. లోపల మావయ్య ఊపిరి చప్పుడు బయటికి వినిపిస్తోంది. ఆయన కూతురు సెల్‌ఫోన్ లైటు పట్టుకుని నిలబడి మావైపే చూస్తోంది. ఆ చూపును మరిచిపోలేదు.

ఎంతసేపు గడిచిందో తెలియదు. ఒక లారీ ఆగింది. క్లీనరు కుర్రాడు దిగాడు. పదహారేళ్లుంటాయేమో. మమ్మల్ని చూసి నవ్వాడు. ‘పహ్‌లే ఢీలా, ఫిర్ జాకీ’ అన్నాడు. ముందు వదులు చెయ్యాలి, తర్వాతే జాకీ. కారుని కిందికి దించాడు. లారీలోంచి చెక్క పలక తెచ్చి జాకీ కింద వేశాడు. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాడు. చక్రం నేల మీద ఉండగానే పానా మీద కాలుపెట్టి, ఒంటి బరువంతా వేసి నట్లు అర చుట్టు వదులు చేశాడు. తర్వాతే లేపాడు. పది నిమిషాలు పట్టిందేమో. డిక్కీలోంచి తీసిన స్టెప్నీలో మాత్రం గాలి సగమే ఉంది. దాన్ని వేసుకుని పాకుతూ టెక్కలి చేరి, పంచర్ షాపు తలుపు కొట్టి, గాలి పట్టించుకుని పోయేసరికి తెల్లారిపోయింది.

మావయ్య ఆ రోజు బతికాడు. మరుసటి ఏడాది పోయాడు. చక్రం వల్ల పోయాడని మేం అనం. కానీ ఆయన బతికిన ఆ ఏడాదిలో ఒక రాత్రిని మా చేతగానితనం తినేసింది.

ఇంటికొచ్చాక భాయ్‌జాన్‌తో అన్నాం. ‘మాకు నేర్పు. ఊళ్లో గుంటలకు కూడా నేర్పు.’ భాయ్‌జాన్ చేతిలో పని ఆపలేదు. ‘అందరికీ నేర్పితే మన దగ్గరకు ఎవడొస్తాడు?’ అన్నాడు. కాసేపాగి రెండో మాట అన్నాడు. ‘ఈ పని చేయకూడదనే కదా నిన్ను చదివించింది. నువ్వే ఊరి పిల్లల్ని తీసుకొస్తావా ఇక్కడికి?’

మొదటిది కడుపు ప్రశ్న. దానికి ఏదో ఒక జవాబు ఉంది. రోడ్డు మీద చక్రం మార్చుకోవడం నేర్చినవాడు కూడా పంచర్ వేయించుకోవడానికి షాపుకే రావాలి. పైగా బండిని చూసుకోవడం తెలిసినవాడికే మంచి మెకానిక్ విలువ తెలుస్తుంది. రెండో ప్రశ్నకు మాత్రం ఆ రోజు మా దగ్గర జవాబు లేదు.

ఆ ఏడాది నుంచే ఆదివారం ఉదయం షెడ్డులో ఈ చదువు మొదలైంది. ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు. మొదట వచ్చింది నలుగురు, ఐదోవాళ్లం మేం. నలుగురూ పదిహేను, పదహారేళ్లవాళ్లు. పద్దెనిమిది నిండకుండా స్టీరింగ్ పట్టకూడదని చట్టం ఉంది. జాకీ పట్టకూడదని చట్టమేమీ లేదు.

భాయ్‌జాన్ పాఠం చిన్నది. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, బండి సమంగా నిలిపి ఆయిల్ పుల్ల తీసి తుడిచి మళ్లీ ముంచి చూడు. రెండు గీతల మధ్య ఉండాలి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత ఎప్పుడూ తిప్పకు, ముఖం కాలిపోతుంది. బ్యాటరీ కొనల మీద తెల్లగా పూత కడితే శుభ్రం చెయ్. టైరు గాలి చల్లగా ఉన్నప్పుడే చూడు. టైరు గాడి 1.6 మిల్లీమీటర్ల కన్నా అరిగితే అది చట్టం ప్రకారం కూడా పనికిరాదు. టైరు పక్కన ఉన్న నాలుగంకెలు చదువు. 2419 అని ఉంటే 2019లో ఇరవై నాలుగో వారం పుట్టిందని. గాడి బాగున్నా వయసైపోయిన టైరును నమ్మకు.

ఇక రోడ్డు మీద. మలుపులో ఆగకు. హ్యాండ్ బ్రేకు వెయ్, నాలుగు లైట్లూ మిణుకుమనేలా పెట్టు, యాభై అడుగులేసి వెనక ఎర్ర త్రికోణం నిలబెట్టు. మనుషుల్ని దించి రోడ్డుకు దూరంగా నిలబెట్టు. మన నేల ఇసుక కాబట్టి పలక లేకుండా జాకీ పెట్టకు. మనది ఉప్పుగాలి కాబట్టి నట్లు తుప్పుపట్టి బిగుసుకుంటాయి, అప్పుడప్పుడూ విప్పి బిగిస్తూ ఉండు. విప్పిన చక్రాన్ని బండి కింద పడుకోబెట్టు, జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది. నువ్వు మాత్రం ఎప్పుడూ కిందికి దూరకు. నట్లు బిగించేటప్పుడు వరసగా కాదు, ఒకటి ఇటు, ఒకటి ఎదురు. కొంత దూరం పోయాక ఆగి మళ్లీ ఒకసారి బిగించు.

రెండో నెలలో మావయ్య కూతురు వచ్చింది. ‘ఆడపిల్ల బలం చాలదు’ అన్నారు మగపిల్లలు. ఆ రాత్రి లైటు పట్టుకుని చూసింది కదా, పానా మీద కాలేసి నిలబడింది. నట్టు వదులైంది. ‘బలం కాదురా, బరువు’ అన్నాడు భాయ్‌జాన్. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి ఆయన్ని ‘ఉస్తాద్‌గారూ’ అంటోంది. మిగతావాళ్లూ అదే పట్టుకున్నారు. ఉద్దానం గుంటల నోట ఉర్దూ మాటకు తెలుగు గౌరవం తోడైంది. అబ్బాను జీవితమంతా సాయిబు అన్న ఊళ్లో ఆయన కొడుకు ఉస్తాద్‌గారయ్యాడు.

అందరూ అలా అన్నారని కాదు. ఒక తల్లి వచ్చి కొడుకును చెవి పట్టుకుని తీసుకుపోయింది. ‘సాయిబుల పని మనకేల?’ అంది. మేం చాలాసేపు ఆ మాట గురించే ఆలోచించాం. దూది ఏకినవాళ్లను దూదేకులవాళ్లన్నారు. అత్తరు అమ్మినవాళ్లను అత్తరు సాయిబులన్నారు. బట్టలుతికినవాళ్లను తురక చాకళ్లన్నారు. ఇవన్నీ ప్రభుత్వం వెనుకబడిన తరగతుల జాబితాల్లో ఎక్కిన పేర్లే. మెకానిక్ కులం ఏ జాబితాలోనూ లేదు. జనం నోట్లో మాత్రం ఉంది. ఈ దేశంలో పని చేస్తే చాలు, అది కులమైపోతుంది. కులమయ్యాక ఆ పని నేర్చుకోవడానికి పక్కవాడు సిగ్గుపడతాడు, చేయడానికి మనం సిగ్గుపడతాం. హైవే మీద టైర్ల షాపుల్లో మలయాళీలు ఎంతమంది ఉన్నారో లారీవాళ్లను అడగండి. నేర్చినవాడిదే పని. పుట్టినవాడిది కాదు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీద పడింది. తాతలు నాటిన కొబ్బరి చెట్లు, జీడి చెట్లు ఒక్క పూటలో నేలకొరిగాయి. రోజుల తరబడి కరెంటు లేదు. ఎగిరిపడ్డ రేకుల మేకులన్నీ రోడ్ల మీదే. సాయం తెచ్చిన బండ్లు వరసగా పంచరయ్యాయి. కరెంటు లేక గాలి మిషన్ ఆగిపోయింది. మా గుంటలు కాలి పంపులతో గాలి కొట్టారు, చక్రాలు మార్చారు. సాయిబుల పని మనకేల అన్న తల్లి కొడుకూ అందులో ఉన్నాడు. ఎప్పుడు నేర్చాడని అడిగితే, ‘గోడవతల నిలబడి చూసినాను’ అన్నాడు.

సచార్ కమిటీ 2006లో మా లెక్క తేల్చి చెప్పింది. జీతం ఉద్యోగాల్లో మేం తక్కువ, సొంత చేతిపనుల్లో ఎక్కువ. 2025 ఏప్రిల్‌లో హర్యానా సభలో ప్రధాని, వక్ఫ్ ఆస్తులు నిజాయితీగా వాడి ఉంటే ముస్లిం యువకులు సైకిల్ పంచర్లు వేసుకుంటూ బతకాల్సి వచ్చేది కాదన్నారు. ఆ వార్త మేమే దిద్దాం. మా చేయి ఒక క్షణం ఆగింది. మా అన్న కొడుకు ఇంజనీరు కావాలన్నది మా కోరిక కూడా. పంచర్ వేయడం ఎవరికీ గత్యంతరం లేని బతుకు కాకూడదు. అది పేదరికం గురించిన మాట. కానీ పంచర్ వేయడం సిగ్గు కాకూడదు. అది మనిషి గురించిన మాట. ఈ రెండు మాటల్నీ కలిపేసి నవ్వేవాళ్లు నడిరోడ్డు మీద చక్రం పేలిన రాత్రి ఏం చేస్తారో చూడాలని ఉంది. భాయ్‌జాన్ రెండో ప్రశ్నకు తొమ్మిదేళ్ల తర్వాత మాకు దొరికిన జవాబు ఇదే. ఆయన విని ఏమీ అనలేదు. ఆదివారం పాఠానికి మాత్రం పాత జాకీలకు కొత్తగా గ్రీజు పెట్టాడు.

స్టెప్నీ అన్న మాట ఎక్కడిదో తెలుసా? బ్రిటన్‌లోని వేల్స్‌లో లనెల్లి అనే ఊళ్లో స్టెప్నీ వీధి ఉంది. కార్లకు అదనపు చక్రం లేని కాలంలో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, ఆ వీధిలో దాన్ని తయారుచేశారు. వీధి పేరు చక్రానికొచ్చింది, చక్రం కవిటి దాకా వచ్చింది. దాన్ని మాత్రం ఎవరూ పరాయి మాట అనరు. డిక్కీలో ఉందని అందరికీ తెలుసు. అవసరం పడేదాకా ఎవరూ తీసి చూడరు. అందులో గాలి ఉందో లేదో ఎవరూ అడగరు. ఇదంతా చెబుతుంటే ఎవరి గురించి చెబుతున్నామో మీకు అర్థమయ్యే ఉంటుంది.

2017 తర్వాత సోంపేట, పలాస వంటిచోట్ల డయాలసిస్ కేంద్రాలొచ్చాయి. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. దూరం తగ్గింది, ప్రయాణం తగ్గలేదు. రాత్రిపూట ఉద్దానంలో ఇంకా కార్లు పరిగెడుతూనే ఉన్నాయి. మావయ్య కూతురు ఇప్పుడు అలాంటి కారు ఎక్కే ముందు డిక్కీ తెరిపించి, స్టెప్నీ వాల్వు దగ్గర గాలి మీటరు పెట్టి చూస్తుంది. డ్రైవర్లు విసుక్కుంటారు. విసుక్కోనిస్తుంది.

ఇప్పుడు ఆ రెండో ప్రశ్న అడగండి. అవును, మాది మెకానిక్ షెడ్డే. ఆదివారం పొద్దున్న ఏడింటికి మీ పిల్లల్ని పంపండి. పాత బట్టలు వేసి పంపండి. చేతులు నల్లబడతాయి.