ఛార్జింగ్ పెడితే వేలిముద్ర పట్టదు

నల్గొండ జిల్లా నకిరేకల్ చుట్టుపక్కల ఊళ్లలో నెలకోసారి పింఛన్ల వరుస కడుతుంది. పింఛను కోసం వచ్చిన ముసలివాళ్లు, ఒంటరి మహిళలు పోస్టాఫీసు అరుగు మీదో, పంచాయతీ ఆఫీసు ముందరి చెట్టు నీడలోనో కూర్చుంటారు. బల్ల మీద ఒక ఫోనో ట్యాబో ఉంటుంది. దాని కింది అంచు నుంచి జానెడు తీగ, ఆ తీగ చివర వేలిముద్ర మిషన్. "ఇంకోపారి పెట్టు అవ్వా, జర గట్టిగ వత్తు" అన్న మాట పొద్దంతా వినిపిస్తూనే ఉంటుంది. నాట్లలో, పత్తి చేలల్లో, నిమ్మతోటల్లో ఏళ్లకేళ్లు పనిచేసిన వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. రెండు మూడు సార్లు పెడితే గాని పట్టవు. అంతసేపూ స్క్రీన్ వెలుగుతూ ఉండాలి, ట్యాబ్ సిగ్నల్ వెతుక్కుంటూ ఉండాలి, మిషన్ అద్దం కింద దీపం వెలిగి ఆరుతూ ఉండాలి. అన్నింటికీ కరెంటు ఇచ్చేది ఆ ఒక్క బ్యాటరీయే. మధ్యాహ్నం దాటేసరికి అది అడుగంటుతుంది. ఛార్జింగ్ పెడదామంటే ట్యాబ్‌కు ఉన్నది ఒకటే పోర్టు. అందులో వేలిముద్ర మిషన్ ఉంది.

మిషన్ పీకితే వరుస ఆగుతుంది. పీకకపోతే కాసేపటికి ట్యాబే ఆగుతుంది.

వేలు పెట్టి డబ్బు తీసుకోవడం ఈ జిల్లాకు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛన్లను స్మార్ట్‌కార్డులతో, వేలిముద్ర సరిచూసి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు దాని ఫలితాలను ఎనిమిది జిల్లాల్లో శాస్త్రీయంగా పరిశీలించారు. ఆ ఎనిమిదిలో నల్గొండ ఒకటి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తల ఆ పరిశోధన 2016లో అచ్చయింది. కూలీ డబ్బు త్వరగా అందిందని, మధ్యలో కారిపోయేది తగ్గిందని అందులో తేలింది. అప్పట్లో వాడినవి ఆ ఒక్క పని కోసమే తయారైన చేతి మిషన్లు. తర్వాత ఆ పనిని మామూలు ఫోన్లు, ట్యాబ్‌లు అందుకున్నాయి. 2018 సెప్టెంబర్ 1న మొదలైన ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు కూడా తపాలా సిబ్బంది చేతికి స్మార్ట్‌ఫోన్, దానికి తగిలించే వేలిముద్ర పరికరం ఇచ్చి ఊళ్లలోకి పంపింది. మిషన్ చౌకయింది, బరువు తగ్గింది, పని పెరిగింది. చిక్కు వచ్చి పడింది మాత్రం పోర్టు దగ్గర.

ఆ చిక్కు మూలం ముప్పై ఏళ్ల వెనక ఉంది. 1996 జనవరిలో మొదటి యూఎస్‌బీ ప్రమాణం వెలువడింది. దాని వెనుక పనిచేసిన ఇంజినీర్లలో ముఖ్యుడు, ఇంటెల్ కంపెనీకి చెందిన అజయ్ భట్ మన దేశంలోని వడోదరలో చదువుకున్నవాడు. వాళ్లు వేసుకున్న లెక్క చాలా సూటిగా ఉంది. ఒకవైపు కంప్యూటర్, మరోవైపు మౌస్, కీబోర్డు, ప్రింటర్ లాంటివి. కంప్యూటరే పెద్ద, అదే అడుగుతుంది, అదే 5 వోల్టుల కరెంటూ ఇస్తుంది. ఎదుటివి అడిగినదానికి జవాబు చెప్పి, ఇచ్చిన కరెంటు తీసుకుంటాయి. పెత్తనం, కరెంటు ఒకే దిక్కున సాగే ఏర్పాటు అది. బల్ల మీది కంప్యూటర్‌కు గోడ నుంచి వేరే తీగ ఉంటుంది కాబట్టి ఎవరికీ ఇబ్బంది రాలేదు.

ఫోన్లు, ట్యాబ్‌లు వచ్చాక ఆ లెక్క తిరగబడింది. కంప్యూటర్‌కు తగిలిస్తే ట్యాబ్ చిన్నది. పెన్ డ్రైవ్ తగిలిస్తే ట్యాబే పెద్దది. 2001లో వచ్చిన ఓటీజీ ఏర్పాటు ఈ రెండు వేషాలనూ ఒకే పరికరానికి నేర్పింది. మైక్రో యూఎస్‌బీ పిన్నులో ఐదు కాళ్లు ఉంటాయి. కరెంటుకు ఒకటి, సమాచారానికి రెండు, నేలకు ఒకటి. మిగిలిన ఐదోది పరికరం ఏ వేషం కట్టాలో చెప్పడానికి. దుకాణంలో కొన్న ఓటీజీ తీగలో ఆ ఐదో కాలును నేల తీగకు కలిపి ఉంచుతారు. అది చూడగానే ట్యాబ్ పెత్తనం తీసుకుని, తన బ్యాటరీలోని సుమారు 3.7 వోల్టులను 5కు పెంచి బయటికి పంపడం మొదలుపెడుతుంది. పంపేది కరెంటు కాలు మీదనే. ఛార్జర్ నుంచి కరెంటు లోపలికి రావలసిందీ ఆ కాలు మీదనే. ఒకే కాలువలో నీళ్లు ఒకేసారి ఎగువకూ దిగువకూ పారవు కదా.

అందుకే మొబైల్ దుకాణాల్లో దొరికే వై ఆకారపు కేబుళ్లు చాలామందిని నిరాశపరిచాయి. ఒక కొస ట్యాబ్‌కు, ఒకటి పెన్ డ్రైవ్‌కు, ఇంకొకటి ఛార్జర్‌కు. తగిలించగానే పెన్ డ్రైవ్ పనిచేస్తుంది, ఛార్జర్ దానికి కరెంటు ఇస్తుంది, ట్యాబ్ బ్యాటరీ మాత్రం తగ్గుతూనే ఉంటుంది. పెత్తనం చేస్తున్నంతసేపూ తాను కరెంటు ఇచ్చేదాన్నే తప్ప తీసుకునేదాన్ని కాదని ట్యాబ్ అనుకుంటుంది. నాసిరకం తీగైతే ఇంకో ప్రమాదం ఉంది: ట్యాబ్ పంపే 5 వోల్టులు, ఛార్జర్ పంపే 5 వోల్టులు ఒకే తీగ మీద తలపడతాయి. అలాంటప్పుడు ట్యాబ్ వెనక భాగం చేతికి వేడిగా తగిలితే వెంటనే పీకేయాలి.

దీనికి విరుగుడు లేక కాదు. యూఎస్‌బీ సంస్థ 2010లో ప్రకటించిన బ్యాటరీ ఛార్జింగ్ ప్రమాణంలోనే ఉంది. ఐదో కాలును నేరుగా నేలకు కలపకుండా మధ్యలో 124 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెడితే చాలు. "పెత్తనం నీదే, కరెంటు మాత్రం నేనిస్తా, తీసుకో" అని ట్యాబ్‌కు అర్థమవుతుంది. 68, 36.5 కిలో ఓమ్‌లకు వేరే అర్థాలున్నాయి. రూపాయో రెండు రూపాయలో చేసే ఆ చిన్న ముక్కతో పని అయిపోవలసింది. కాని అవతల ట్యాబ్‌కు ఆ సైగ చదవడం రావాలి. చాలా కంపెనీలు దాన్ని నేర్పలేదు. నేర్పిన కొన్ని కంపెనీలు తమ లెక్కకు తగ్గ రెసిస్టర్ విలువలు పెట్టుకున్నాయి. అందువల్ల పక్క దుకాణంలో ఒకరి ట్యాబ్‌కు బ్రహ్మాండంగా నడిచిన కేబుల్ ఇంకొకరికి దండగ అయింది. ఒక రెసిస్టర్ విలువ మీద అందరూ ఒక్క మాటకు రాకపోవడం వల్ల ఎన్ని బల్లల మీద ఎన్ని పూటలు పని ఆగిందో తలచుకుంటే నిజంగా బాధ కలుగుతుంది.

ఆ రోజుల్లోనే మన దగ్గర ఒక మొరటు పరిష్కారం ఉండేది, అది నడిచింది కూడా. 2011 అక్టోబర్ 5న కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో విడుదల చేసిన ఆకాశ్ ట్యాబ్లెట్‌ను విద్యార్థుల కోసం డేటావిండ్ సంస్థ తయారుచేసింది. మొదటి విడత బిగింపు మన హైదరాబాద్‌లోనే జరిగింది. దాని వేగం తక్కువ, తెర గట్టిగా నొక్కితే గాని పలికేది కాదు, అందుకు విమర్శలూ బాగానే వచ్చాయి. ఒక్క సంగతిలో మాత్రం అది తర్వాతి ఖరీదైన ట్యాబ్‌లకన్నా ఉదారంగా ఉంది: పక్కన రెండు పూర్తి సైజు యూఎస్‌బీ పోర్టులు ఉండేవి. పెన్ డ్రైవ్, కీబోర్డు రెండూ ఏ ఓటీజీ తీగా లేకుండా నేరుగా గుచ్చుకోవచ్చు. ఆ రోజుల్లో బజారులోకి వచ్చిన చౌక చైనా ట్యాబ్‌లు చాలావాటికి ఛార్జింగ్ కోసం సన్నటి గుండ్రని పిన్ను విడిగా ఉండేది. చూడ్డానికి పాతకాలపు ఏర్పాటు. కాని కరెంటు దారి వేరు, సమాచారం దారి వేరు కావడంతో పొద్దంతా పనిచేసుకోవచ్చు. ట్యాబ్ పలచబడుతున్న కొద్దీ ఆ అదనపు రంధ్రాలు ఒక్కొక్కటే మూసుకుపోయాయి.

ఆపిల్ వాళ్లు కూడా ఇక్కడ చాలాకాలం తడబడ్డారు. 2010లో ఐప్యాడ్‌తో పాటు వచ్చిన కెమెరా అడాప్టర్‌కు కాస్త ఎక్కువ కరెంటు కావాల్సిన కీబోర్డు తగిలిస్తే, ఇది ఎక్కువ కరెంటు అడుగుతోందని ఐప్యాడ్ మొరాయించేది. 2016లో తెచ్చిన కొత్త అడాప్టర్‌లో ఛార్జర్ గుచ్చుకోవడానికి పక్కన ఇంకో రంధ్రం పెట్టారు. అప్పుడు గాని మైకులు, కీబోర్డులు హాయిగా పనిచేయలేదు.

2014 ఆగస్టులో ఖరారైన టైప్-సీ పిన్నుతో అసలు మార్పు వచ్చింది. ఎటు తిప్పి గుచ్చినా పడుతుందన్నది అందరికీ తెలిసిన సుఖం. అంతకన్నా పెద్ద మేలు దాని 24 కాళ్లలో రెండింటి దగ్గర ఉంది. ఆ రెండు కాళ్ల మీద పరికరాలు ముందు మాట్లాడుకుంటాయి. తీసుకునేవాడు 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ చూపిస్తాడు, ఇచ్చేవాడు వేరే రెసిస్టర్ చూపిస్తాడు. తర్వాత పవర్ డెలివరీ అనే ఒప్పందం ప్రకారం ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అన్నది తేలుతుంది. ఆ ఒప్పందంలో కరెంటు ఎవరు ఇవ్వాలన్నదీ పెత్తనం ఎవరిదన్నదీ రెండు వేరు వేరు ప్రశ్నలు. ఛార్జర్ తగిలించిన హబ్‌ను, అంటే ఒక పోర్టును పలు పోర్టులుగా మార్చే చిన్న పెట్టెను, ట్యాబ్‌కు గుచ్చితే, ట్యాబ్ మొదట కరెంటు తీసుకునే వేషంలోనే మేలుకుంటుంది. వెంటనే పెత్తనం మాత్రం తనకు మార్చుకుంటుంది. హబ్ నుంచి కరెంటు తాగుతూనే అదే హబ్‌లోని వేలిముద్ర మిషన్‌ను నడిపిస్తుంది. 1996లో ముడిపడిన రెండు సంగతులు అక్కడ విడిపోయాయి.

భారత ప్రమాణాల సంస్థ 2023 జనవరిలో టైప్-సీకి మన దేశ ప్రమాణం ప్రకటించింది. 2024 డిసెంబర్ 28 నుంచి యూరప్‌లో కొత్తగా అమ్మే ఫోన్లు, ట్యాబ్‌లకు టైప్-సీ తప్పనిసరి అయింది. కాబట్టి ఇకమీదట కొనే ట్యాబ్‌కు పిన్ను సంగతి తేలిపోయినట్టే. అయితే పిన్ను ఆకారం ఒకటైనంత మాత్రాన లోపలి తెలివి ఒకటి కాదు. చౌక ట్యాబ్‌లలో టైప్-సీ రంధ్రం ఉండి పవర్ డెలివరీ మాటలు రానివి ఉన్నాయి. వాటికి హబ్ తగిలిస్తే పాత మైక్రో యూఎస్‌బీ కథే మళ్లీ నడుస్తుంది. హబ్‌కూ తగిన ఛార్జర్ కావాలి: పాత పలక పిన్ను ఛార్జర్‌ను గుచ్చితే చాలా హబ్‌లు పలకవు, పీడీ (పవర్ డెలివరీ) అని రాసి ఉన్నదే కావాలి. హబ్ తన అవసరానికి కొంత కరెంటు ఉంచుకుని మిగిలింది ట్యాబ్‌కు పంపుతుంది గనుక ఛార్జర్ శక్తి ట్యాబ్ అడిగేదానికన్నా కొంచెం ఎక్కువే ఉండాలి.

లెక్క వేస్తే విషయం తేటగా కనిపిస్తుంది. 5100 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఇంచుమించు 19, 20 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. తెర, సిగ్నల్ కలిసి మూడు వాట్లు తింటే, వేలిముద్ర మిషన్ మరో వాట్ తింటే అయిదు గంటలకు బ్యాటరీ ఖాళీ. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టిన పని రెండింటికి ఆగుతుంది. బయటి నుంచి పది వాట్లు వస్తున్నాయంటే మాత్రం పని నడుస్తూనే బ్యాటరీ నిండుతుంది. మౌస్, కీబోర్డు లాంటివి పెద్ద బరువు కావు. తిరిగే డిస్కు ఉన్న హార్డ్ డ్రైవ్ మాత్రం మొదలయ్యే క్షణంలో గట్టిగా లాగుతుంది. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు ఇస్తానని మాట ఇచ్చింది 500 మిల్లీ ఆంపియర్లే.

ట్యాబ్ వాడకం పింఛన్ల బల్ల దగ్గరే ఆగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబర్ 21న ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు ప్రభుత్వం ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టింది. ఇటు నకిరేకల్, సూర్యాపేట వైపు పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ల్యాప్‌టాప్ కొనలేక ట్యాబ్‌కు కీబోర్డు తగిలించి టైపింగ్ నేర్చుకుంటున్నారు. అలాంటివాళ్లకు బ్లూటూత్ కీబోర్డు తేలిక దారి, పోర్టు ఖాళీగా మిగులుతుంది. వేలిముద్ర మిషన్‌కు ఆ దారి సులువు కాదు. ఆధార్ పని చేసే పరికరానికి భద్రతా నియమాలు గట్టిగా ఉంటాయి, ఎక్కువగా దొరికేవి తీగవే. బయట తిరిగే పని కోసమే తయారైన గట్టి ట్యాబ్‌లు కొన్నింటికి అంచున ఇత్తడి రంగు చుక్కలు ఉంటాయి. వాటిని తొట్టిలాంటి డాక్‌లో నిలబెడితే ఆ చుక్కల గుండా ఛార్జింగ్ ఎక్కుతుంది, పోర్టు మిషన్‌కు వదిలేయవచ్చు. ఖరీదు ఎక్కువే. రోజంతా జనం ముందు నడవాల్సిన ట్యాబ్ కొనేటప్పుడు మాత్రం కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లన్నదానికన్నా ముందు అడగవలసింది పోర్టు వాడుతుండగా ఛార్జింగ్ ఎక్కుతుందా అన్నదే.

ఇంకొక చిక్కు కరెంటు పోయినప్పుడు బయటపడుతుంది. హబ్ అంతదాకా ఛార్జర్ మీద బతుకుతోంది. ఛార్జర్ ఆగిన క్షణాన అది సొమ్మసిల్లి, మళ్లీ ట్యాబ్ బ్యాటరీ మీద లేస్తుంది. ఆ రెప్పపాటులో పెన్ డ్రైవ్‌లోకి ఎక్కుతున్న ఫైలు చెడిపోవచ్చు, వేలు పెట్టి ఉన్న అవ్వ లావాదేవీ మధ్యలో తెగిపోవచ్చు. "పైసలు వచ్చినట్టా రానట్టా బిడ్డా?" అని ఆమె అడిగితే బల్ల వెనక కూర్చున్న అతని దగ్గర వెంటనే జవాబుండదు. పవర్ డెలివరీ మూడో రూపంలో దీనికీ ఒక ఏర్పాటు ఉంది: ఛార్జర్ ఆగబోతోందని హబ్ సైగ చేయగానే ట్యాబ్ క్షణంలో కరెంటు ఇచ్చే బాధ్యత తీసుకుంటుంది. అది చేయగల హబ్, ట్యాబ్ రెండూ కావాలి. దొరక్కపోతే హబ్ ఛార్జర్‌ను చిన్న ఇన్వర్టర్ మీద పెట్టడం మేలు.

ఇవేవీ డబ్బా మీద తేలిగ్గా కనిపించే సంగతులు కావు. కొనేముందు తన వేలిముద్ర మిషన్, తన ఛార్జర్ వెంట తీసుకుని దుకాణానికి పోవాలి. హబ్ తగిలించి, మిషన్ దీపం వెలుగుతుండగానే బ్యాటరీ గుర్తు మీద మెరుపు బొమ్మ వచ్చిందో లేదో చూడాలి. మెరుపు వచ్చినా తృప్తిపడకుండా అరగంట కూర్చుని శాతం అంకె పెరిగిందా అని చూడాలి. ఆ తర్వాత దుకాణం అతన్ని అడిగి గోడకున్న స్విచ్ ఆపించి, అదే సమయంలో మిషన్ మీద వేలు పెట్టాలి.