కడియపులంక తోటలు, ఇంటిలోని మొక్కలు

పెరడు లేని యిల్లు ఇల్లే కాదని మన పెద్దలు తలచెడివారు. బావిగట్టున అరటిబోదెలు, పందిరిపై చిక్కుడుతీగ, నడుమ తులసికోట గల పెరడు స్త్రీలకు వంటయింటి తరువాత రెండవ రాజ్యముగ నుండెడిది. నేడు పట్టణములలో నివసించు మనలో పెక్కుమందికి ఆ రాజ్యము లేదు. మేడలో మూడవ యంతస్తుననో నాలుగవ యంతస్తుననో రెండు గదులు అద్దెకు దొరకిన చాలునని సంతసించుచున్నాము. అయినను పచ్చదనముపై మన మమకారము తగ్గలేదు. కావుననే అంగళ్లలో చిన్న కుండీల మొక్కలు కొని తెచ్చి బల్లలపైనను అలమరలలోను ఉంచుకొనుచున్నాము. తెచ్చిన నెల రెండు నెలలకే వానిలో సగము వాడిపోవును. "మాది మంచి చేయి కాదు" అని నిట్టూర్చి ఊరకుండు సోదరీమణు లనేకులు. ఇది చేతి దోషము కాదని కడియపులంకలో మాకు తెలిసివచ్చినది. అక్కడ చూచిన వానిని, విన్న వానిని ఈ పత్రిక చదువు సోదరీమణులకు తెలుపవలెనని వ్రాయుచున్నాము.

మావారు బడిపంతులు. సంక్రాంతి సెలవులలో మేమును, మావారును, మా యత్తగారును రాజమహేంద్రవరము పోయితిమి. మా యత్తగారికి డెబ్బదియేండ్లు దాటినవి. పల్లెలోని యిల్లు విడిచి మా యొద్దకు వచ్చి ఒక సంవత్సరమైనది. ఆమె దేనికిని కొరత చెప్పరు. కాని సాయంకాలము దీపము వెలిగించిన పిమ్మట, దానిని ఎక్కడ ఉంచవలెనో తెలియక ప్రమిద చేతబట్టుకొని క్షణకాలము నిలువబడుదురు. పల్లెలో ఆ దీపము తులసికోటలో ఉండెడిది. మూడవ యంతస్తులోని మా యింట కోట యెక్కడిది? ఇంటిలో పెరుగు మొక్కలకు కడియపులంక ప్రసిద్ధమని వినియుండుటచే, ఆమెను వెంటబెట్టుకొని ఒక ఉదయమున బయలుదేరితిమి.

ధవళేశ్వరము మీదుగా మా ప్రయాణము సాగినది. ఆర్థరు కాటను దొర 1847లో ఆనకట్ట ఆరంభించి 1852లో ముగించినది ఇచ్చటనే. నాటి యానకట్ట స్థానమున నేడు ఆయన పేరనే బ్యారేజి కలదు. దానినుండి వెడలిన కాలువలు ఈ సీమనంతయు తడుపుచున్నవి. వేమగిరి దాటినది మొదలు మార్గమున కిరుప్రక్కల మొక్కలే కాని మరియొకటి కానరాదు. కడియపులంక, బుర్రిలంక, వీరవరము, జేగురుపాడు, పొట్టిలంక మున్నగు గ్రామములలో పొలములన్నియు నర్సరీలే. లంకయన నదిలో మేట వేసిన నేల. గోదావరి తెచ్చిన మెత్తని యొండ్రు, ఎడతెగని కాలువ నీరు, ఎక్కువ చలి యెరుగని గాలి కలిసి ఈ గ్రామములకు మొక్కల పెంపకమును కులవృత్తివలె చేసినవి. ఇచ్చటి మొక్కలు లారీల కెక్కి దూరదేశములకు పోవుచున్నవి. సంచులకు మట్టి యెత్తువారు, కలుపు తీయువారు, నీరు పెట్టువారు విశేషముగ స్త్రీలే.

పూలమొక్కలను దాటి లోనికి పోగా, ఆకుపచ్చని వలలు కప్పిన విశాలమైన పందిళ్లు కనబడినవి. అడుగిడినంతనే ఎండ చల్లారిపోయినది. ఇంటిలో పెంచుటకు దగిన ఆకుమొక్కలన్నియు ఈ పందిళ్ల క్రిందనే యుండును. ఈ వలలు ఒక్క రకమైనవి కావు. నూటికి 50 పాళ్లు ఎండను ఆపు వల యొకటి, 75 పాళ్లు ఆపు వల యొకటి. ఏ మొక్కకు ఎంత నీడ వలయునో చూచి ఆ వల కట్టుదురు. నీడను సైతము కొలిచి పెట్టుదురని మే మంతకుముందు ఎరుగము.

ఈ కొలతకు కారణము మొక్కల పుట్టినిండ్లలో నున్నది. మన యిండ్లలో నీటిసీసాలలో పెరుగు మనీప్లాంటు పసిఫిక్ మహాసముద్రములోని మోరియా ద్వీపమున పుట్టినది. అక్కడ అది మహావృక్షముల మ్రాకులపై ప్రాకి మూరెడేసి ఆకులు వేయును. కత్తులవలె నిలువుగ నిలుచు స్నేక్ ప్లాంటు పశ్చిమ ఆఫ్రికాది. జెడ్‌జెడ్ మొక్క తూర్పు ఆఫ్రికాది. మట్టిలోని దుంపలలో నీరు దాచుకొనును. అరెకాపామ్ మడగాస్కరు ద్వీపమునుండి, తెల్లని పూరేకుగల పీస్ లిల్లీ అమెరికాలోని ఉష్ణారణ్యములనుండి వచ్చినవి. వీనిలో పెక్కు పెద్దచెట్ల నీడలో పెరుగుటకు అలవడినవి. కావుననే మన గదులలో బ్రతుకగలవు. కాని యడవి నీడకును గది చీకటికిని భేదము కలదు. అడవిలో చెట్టు క్రింద నిలుచుండిన తలపైన ఆకాశము కొంత కనబడును. గది మూల నిలుచుండిన కనబడునది గోడయే.

మొక్క నుంచదలచిన చోట వెలుతురు చాలునో లేదో తెలియుటకు మధ్యాహ్నము 12 గంటల వేళ అక్కడ తెల్లకాగితము పరచి, దానిపై అడుగెత్తున చేయి చాపి చూడవలెను. నీడ అంచులు స్పష్టముగ నుండిన వెలుతురు సమృద్ధి. నీడ మసకగ నుండిన మధ్యమము. మనీప్లాంటు, జెడ్‌జెడ్, స్నేక్ ప్లాంటు అక్కడ ఉండగలవు. నీడయే పడనిచోట ఏ మొక్కయు చిరకాలము బ్రతుకదు. కిటికీకి రెండడుగులు దూరము జరిపినను వెలుతురు మిక్కిలి తగ్గును. మన కన్ను సర్దుకొనుటచే ఆ తగ్గుదల మనకు తెలియదు. తూర్పు కిటికీ అన్నిటను మేలు. పడమటి కిటికీలో వేసవియెండ ఆకులను మాడ్చును గాన పలుచని తెర కట్టవలెను. వారమున కొకసారి కుండీని పావుచుట్టు త్రిప్పిన మొక్క ఒకవైపునకే వాలిపోదు. కిటికీ లేని గదిలో పెంచగోరువారు తెల్లని ఎల్‌ఈడీ దీపమును మొక్కకు అడుగు దూరమున దినమునకు 12 గంటలు వెలిగించి పెంచవచ్చును.

నీటి విషయమున అచ్చట పనిచేయు ఒక పెద్దమ్మ చెప్పిన మాట మాకు మిక్కిలి నచ్చినది. "అమ్మగారూ, నీళ్లు సాలక వాడిందాన్ని బతికించుకోవచ్చండి. నీళ్లెక్కువై ఏరు కుళ్లిందాన్ని ఎవరూ బతికించలేరండి" అని యామె యనెను. వేళ్లకును గాలి కావలెను. మట్టి నిత్యము తడిసియుండిన సందులలోని గాలి పోయి వేళ్లు కుళ్లును. కుళ్లిన వేరు నీరు పీల్చలేదు గాన ఆకులు వ్రేలాడును. అది దాహమని తలచి మనము మరల నీరు పోయుదుము, మొక్క చచ్చును. వెలుతురు తక్కువైన కొలది మొక్క త్రాగు నీరును తక్కువ. కావున ఎండలోని మందారమునకు పోసినట్లు గదిలోని మొక్కకు పోయరాదు. మట్టిలో రెండు కణుపుల లోతున వ్రేలు దించి, పొడిగ నున్నపుడే పోయవలెను. పోసినపుడు క్రింది రంధ్రమునుండి కారునంతగ పోసి, పళ్లెములోని నీటిని పారబోయవలెను. స్నేక్ ప్లాంటునకు, జెడ్‌జెడ్‌నకు రెండు మూడు వారముల కొకసారి చాలును. వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున, వేసవిలో ఉదయసాయంకాలములు, శీతకాలమున దినము విడిచి దినము, వానకాలమున నేల ఎండినపుడు మాత్రమే నీరు పోయవలెనని చెప్పియున్నాడు. ఆ నియమము నేలపై నాటిన చెట్లది. అయినను ఋతువును, మట్టిని చూచి నీరు పోయవలెనను దాని తాత్పర్యము కుండీకిని చెల్లును.

కుండీకి అడుగున రంధ్రము తప్పక యుండవలెను. మట్టికుండీ చెమ్మను త్వరగ విడుచును, ప్లాస్టిక్కుది నిలుపును. ఎర్రమట్టి, కొబ్బరిపీచుపొట్టు, వానపాముల యెరువు సమపాళ్లుగ కలిపి, గుప్పెడు ఇసుకయు వేపపిండియు చేర్చిన చాలా మొక్కలకు సరిపోవును. పీచుపొట్టును రెండు మూడుసార్లు నీటిలో కడిగి ఉప్పదనము పోగొట్టి వాడవలెను. మనీప్లాంటు తీగను త్రుంచి నాటునపుడు ప్రతి ముక్కకు ఒక కణుపైన నుండవలెను. వేళ్లు పుట్టునది అక్కడనే. స్నేక్ ప్లాంటు ఆకు ముక్కను నాటినను మొలచును. కాని పసుపుపచ్చ యంచుగల రకమును ఆకుతో మొలపించిన ఆ యంచు పోయి వట్టి పచ్చనిది వచ్చును. అంచు నిలువవలెనన్న దుబ్బు చీల్చి నాటవలెను. ఆకులపై ధూళిని పదిదినముల కొకసారి తడిగుడ్డతో తుడువవలెను. తెల్లని పిండినల్లి కనబడిన, సబ్బునీట ముంచిన దూదితో తుడిచివేయవచ్చును.

ఇట్లు తిరుగుచుండగా మా యత్తగారు ఆ పెద్దమ్మను పిలిచి, "ఏమమ్మా, ఇన్ని యున్నవి గదా, గదిలో పెరుగు తులసి లేదా?" అని యడిగిరి. ఆమె కొంతసేపు ఊరకుండి, "లేదండి మామ్మగారూ. తులసమ్మ ఎండబిడ్డండి. గదిలో పెడితే తీగలా సాగి ఆకు రాల్చేస్తాదండి" అనెను. అత్తగారి ముఖము చిన్నబోయినది. అది చూచి ఆమెయే మరల, "మేడ మీద ఎండుంటాదా అండి?" అని మమ్ము నడిగి ఉపాయము చెప్పెను. ఒకే వయసు తులసులు రెండు కొనవలెను. ఒకటి డాబాపై ఎండలో నుండగా ఒకటి యింటిలో తూర్పు కిటికీకడ నుండవలెను. వారము గడచిన పిమ్మట దీనిని పైకి, దానిని క్రిందికి మార్చవలెను. పైకి చేర్చినపుడు మొదటి రెండు దినములు పిట్టగోడ నీడన ఉంచి, పిదప ఎండకు జరుపవలెను. లేనిచో ఆకులు మాడును. వెన్నులు ముదురకముందే త్రుంచుచుండిన మొక్క గుబురుగ చిగురించును. పూలమొక్కలను సైతము ఇట్లే వంతులవారిగ ఇంటిలో నిలుపుకొనవచ్చునట. మేము రెండు తులసులు కొంటిమి. డాబా మెట్లెక్కు పని మాది. కిటికీకడ దీపము పెట్టు పని మా యత్తగారిది. నాలుగు నెలలైనను రెండును చిగుళ్లతో నున్నవి.

ఒక నర్సరీలో మూతగల గాజుసీసాలలో నాచును, చిన్న ఫెరను మొక్కలను పెంచి యుంచిరి. ఈ పద్ధతికి మూలపురుషుడు లండను వైద్యుడు నథానియేలు వార్డు. 1829లో ఆయన సీతాకోకజాతి పురుగు గూటిని తడిమట్టితో సీసాలో నుంచి మూతబెట్టగా, ఆ మట్టిలో ఒక ఫెరను, ఒక గడ్డిమొక్క మొలచినవి. నగరపు పొగలో బయట చచ్చు ఫెరను సీసాలో వర్ధిల్లినది. ఆకులు విడిచిన తేమ గాజుపై నీరై మరల మట్టిని చేరుటయే దాని రహస్యము. 1833లో ఇట్టి గాజుపెట్టెలలో మొక్కలు సిడ్నీవరకు ఓడలో క్షేమముగ పోయినవి. సీసాతోట పెట్టుకొనువారు దానిని నేరుటెండలో నుంచరాదు. లోపల ఆవిరి పుట్టి మొక్కలు ఉడికిపోవును.

బిడ్డలుగల యిండ్లవారు మరికొన్ని సంగతులు గుర్తుంచుకొనవలెను. డిఫెన్‌బేకియా, మనీప్లాంటు, పీస్ లిల్లీ ఆకులలో సూదులవంటి స్ఫటికము లుండును. పసిబిడ్డలు నమలిన నోరు మండి వాచును. కావున వానిని అందనిచోట నుంచవలెను. నీటిసీసాలలోను కుండీ పళ్లెములలోను నీరు నిలిచిన డెంగ్యూ దోమ గ్రుడ్లు పెట్టును. వారమునకు ఒకసారియైన ఆ నీరు పారబోసి పాత్రను రుద్ది కడుగవలెను. ఈ మొక్కలు గాలిలోని విషములను హరించునని అమ్మువారు చెప్పుదురు. 1989లో నాసావారు మూసిన పెట్టెలలో చేసిన పరీక్షలు దీనికి మూలము. కాని 2019లో ప్రకటితమైన ఒక సమీక్ష ప్రకారము, కిటికీ గాలి చేయు పనిని మొక్కలే చేయవలెనన్న చదరపు మీటరునకు 10 మొదలు 1000 మొక్కలు కావలెను. మొక్కయున్నదని కిటికీ మూయరాదు.

క్రొత్తగ ఆరంభించు సోదరీమణులు పది మొక్కలు కొనక, మొదట ఒక్క జెడ్‌జెడ్‌నో మనీప్లాంటునో తెచ్చుకొందురు గాక. ఎండ వచ్చు వంటయింటి కిటికీలో వెడల్పు పళ్లెమున మెంతులు చల్లిన పదిదినములలో పప్పులోనికి లేతకూర వచ్చును. పుదీనకాడలు నీటిలో నుంచిన వేళ్లు తొడుగును. కొనుటకు పోయినపుడు పూవును, ఆకు సొగసును చూచి మురియకముందే, "ఇది మీయొద్ద ఏ నీడలో నుండినది? ఎన్నాళ్లకు నీరు పోయుచుంటిరి?" అని యడుగుడు. పెంచినవారు సంతోషముతో చెప్పుదురు. ఆ రెండు సంగతులు తెలిసికొని తెచ్చిన మొక్క మూడవ యంతస్తులోనైనను మీతో నుండును.