సముద్రం పక్కన స్థలం

"మీ నెల్లూరు వైపు సముద్రం పక్కన స్థలాలు ఇంకా చౌకేనటగా, ఏదైనా చూసిపెట్టరాదూ?" అని బాల్టిమోర్‌లో మా తెలుగు మిత్రులు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు. గుంటూరువాళ్లూ అడుగుతున్నారు, సముద్రం లేని కరీంనగర్‌వాళ్లూ అడుగుతున్నారు. రిటైరయ్యాక ఉప్పుగాలి తగిలే చోట చిన్న ఇల్లు, దగ్గర్లో మంచి ఆసుపత్రి, చెన్నై విమానాశ్రయానికి సులువైన దారి ఉంటే చాలంటారు. 2023 సెప్టెంబరులో మొదలైన విజయవాడ–చెన్నై వందే భారత్ నెల్లూరులో ఆగుతుందని కూడా వాళ్లే నాకు చెబుతారు.

నెల్లూరు హాయిగా బతకదగ్గ ఊరు. మా ఊరని చెప్పడం లేదు, నిజంగానే అంటున్నాను. అయితే తీరంలో స్థలం ఎందుకు చౌకగా దొరుకుతోందో, ఆ స్థలంలో ఇప్పటికే ఎవరు బతుకుతున్నారో తెలుసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వమంటాను.

బాల్టిమోర్‌లో ఉండేవాళ్లకు ఈ సంగతి వివరంగా చెప్పక్కర్లేదు. పాడుబడిన రేవుగట్టు మీద 1980లో హార్బర్‌ప్లేస్ వచ్చింది, మరుసటి ఏడు అక్వేరియం వచ్చింది. ప్రపంచం నలుమూలల నుంచీ నగర పాలకులు వచ్చి, రేవును ఎలా బాగుచేసుకోవాలో చూసి వెళ్లారు. ఇక్కడికి మేం రావడానికి కారణం కూడా చౌకే. వాషింగ్టన్ చుట్టుపక్కల అందని ఇల్లు ఇక్కడ అందింది. కానీ అదే రేవుకు దక్షిణంగా కర్టిస్ బే ఉంది. అక్కడి జనం బొగ్గు దుమ్ము గురించి ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. 2021 డిసెంబరు 30న అక్కడి బొగ్గు టెర్మినల్‌లో పేలుడు జరిగాక గానీ వాళ్ల మాట ఊరి దాకా వినపడలేదు. ఒకే రేవు, ఒక ఒడ్డున షికార్లు, ఇంకో ఒడ్డున కిటికీలు మూసుకుని కాపురాలు.

మా నెల్లూరు తీరంలోనూ అంతే. కృష్ణపట్నంలో 2008లో కొత్త రేవు పనిచేయడం మొదలైంది. పక్కనే నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లతో థర్మల్ కేంద్రం వచ్చింది, ముత్తుకూరు వైపు వంటనూనె ఫ్యాక్టరీలు వచ్చాయి. పిల్లలకు ఉద్యోగాలు వచ్చాయి, అది చిన్న సంగతి కాదు. దానితోపాటు రోడ్డుమీద లారీల వరస కూడా వచ్చింది. ఈ తీరానికి బయటివాళ్లు వచ్చి ఊపు తేవడం కొత్తేమీ కాదు. పదిహేడో శతాబ్దం మొదట్లో ఇంగ్లీషువాళ్లు దుగ్గరాజపట్నం దగ్గర ఆర్మగాన్ పేరుతో కోట కట్టుకున్నారు. అక్కడ వ్యాపారం సాగక చెన్నపట్నం వెళ్లిపోయారు.

రొయ్యల కథ ఇంకా దగ్గరిది. తొంభైల మొదట్లో టైగర్ రొయ్యతో మా వైపు రాత్రికి రాత్రే మేడలు లేచాయి. వైట్‌స్పాట్ తెగులు వచ్చాక ఎందరో అప్పుల్లో మునిగారు. తీరప్రాంతపు రొయ్యల చెరువులకు వ్యతిరేకంగా 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2009 తర్వాత వనామి రొయ్య వచ్చి మళ్లీ చెరువులు నిండాయి. రాత్రిళ్లు ఏరియేటర్లు నీళ్లను చిలుకుతుంటే ఆ చప్పుడు పక్క ఊరికి వినిపిస్తుంది. చెరువుల పక్క బావుల్లో నీళ్లు ఉప్పెక్కాయి, తాగడానికి క్యాన్లు కొంటున్నారు. మా ఇంటి దగ్గర సూపర్ మార్కెట్ ఫ్రీజర్‌లో రొయ్యల ప్యాకెట్ తిప్పి చూస్తే వెనకాల ఇండియా అని ఉంటుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, మొదట నాకు గుర్తొచ్చింది చెరువు గట్టు మీద ఫోన్ పట్టుకుని కౌంట్ ధర కోసం ఎదురుచూసే మా చిన్నాన్న కొడుకే.

ఇక నీళ్ల సంగతి. 2021 నవంబరులో సోమశిల జలాశయం నుంచి వదిలిన వరదకు పెన్నా నది పొంగింది. పడుగుపాడు దగ్గర రైలుపట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగింది, నెల్లూరులో భగత్‌సింగ్ కాలనీ మునిగింది. ఏటి ఒడ్డున స్థలం చౌకగా ఉన్నప్పుడు అక్కడికి చేరేది బీదవాళ్లే. బాల్టిమోర్‌లోనూ 2003లో ఇసబెల్ తుపానుకు ఫెల్స్ పాయింట్ వీధుల్లోకి రేవు నీళ్లు వచ్చాయి. అయితే అక్కడ బీమా ఉంది. భగత్‌సింగ్ కాలనీలో మంచం మీద మంచం ఎత్తి పెట్టుకోవడమే బీమా.

మిత్రులకు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది మాత్రం మైపాడు తీరంలోని ఇసుక గురించి. రియల్ ఎస్టేటు బ్రోచర్‌లో అది ఖాళీగా కనపడుతుంది. తెల్లవారుజామున వెళ్లి చూడండి. ఫైబర్ బోట్లను పదిమంది భుజాలానించి ఒడ్డుకు తోస్తుంటారు. వలలోంచి కానాగంతల్ని ఒక్కొక్కటే విదిలిస్తుంటారు. వేలంపాట పాడే మనిషి అంకెలు అంత వేగంగా ఎలా చెబుతాడో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. ఎండెక్కాక అదే ఇసుక మీద నెత్తళ్లు ఆరతాయి. మధ్యాహ్నం నీడ చూసుకుని అక్కడి మత్స్యకారులు, పట్టపువాళ్లు, చిరిగిన వలలు అల్లుకుంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలలూ ప్రభుత్వమిచ్చే 20,000 రూపాయలతో ఇల్లు గడవాలి, ఒడ్డుకు చేరిన పడవలకు ఇసుక మీదే చోటు కావాలి. బోటు పెట్టుకునే చోట ప్రహరీ గోడ లేస్తే వాళ్లు పడవను ఎక్కడికి లాక్కెళ్లాలి? తీర నియమాలు జనసాంద్రత తక్కువైన గ్రామాల్లో పోటు రేఖకు 200 మీటర్ల లోపల మామూలుగా కొత్త ఇళ్లు కట్టొద్దన్నాయి గానీ, పడవలు నిలిపే చోటు మీద మత్స్యకారుల పాలెం వాళ్లకు పట్టా ఇవ్వలేదు. జువ్వలదిన్నెలో చేపల రేవు కట్టారు. పెద్ద బోట్లకు అది మేలే, చిన్న పడవలవాళ్లకు మాత్రం ఇంటి ముందు ఇసుకే రేవు.

అందుకే అడిగినవాళ్లందరినీ నెల్లూరు ఊళ్లోనే కొనుక్కోమంటున్నాను. ఇందుకూరుపేట మీదుగా మైపాడు పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. వారానికోసారి వెళ్లి, వేలంలో వంజరం కొనుక్కుని, మామిడికాయ వేసి పులుసు పెట్టుకుంటే సముద్రం పక్కనున్నట్టే. ఇంకా ఒడ్డునే కావాలని పట్టుపట్టిన మిత్రుడొకరు వచ్చే సంక్రాంతికి ఊరెళ్తున్నాడు. రియల్ ఎస్టేటువాళ్లను కలిసేముందు పాలెంలో పెద్దమనుషుల దగ్గర కూర్చుని, 2021లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, పడవలు ఎక్కడ పెడతారో అడగమన్నాను. అడుగుతానన్నాడు.