అటక మీద గాజు సీసాలు

మా ఇంట్లో అటక మీద మూడు వందల గాజు సీసాలున్నాయి. ఆరేళ్ల కిందట నేను కొన్నవే. ఆ వారమంతా రాత్రికి రెండు గంటలు కూడా పడుకోలేదు. అయినా అలసటే లేదు. పచ్చళ్ల వ్యాపారం పెడితే అమెరికా దాకా పంపొచ్చని ఓ అర్ధరాత్రి ఆలోచన వచ్చింది. తెల్లారేసరికి రాజీనామా ఉత్తరం రాసేశాను. గొలుసు తాకట్టు పెట్టి షాపుకి అడ్వాన్సు ఇచ్చాను, సీసాలకి ఆర్డరు పెట్టాను. వద్దన్న మావారి మీద గయ్యిమని లేచాను. నా అంత తెలివైనది, నా అంత సంతోషంగా ఉన్నది లోకంలో లేదనిపించింది.

రెండు నెలలు తిరక్కుండానే మంచం దిగలేని స్థితికొచ్చాను. స్నానం చేయాలన్నా కొండెక్కాలన్నట్టుండేది. మా పై అధికారి ఆ ఉత్తరాన్ని పక్కన పెట్టి మావారికి ఫోన్ చేశారు కాబట్టి ఉద్యోగం మిగిలింది. గొలుసు విడిపించడానికి మాత్రం ఏడాదిన్నర పట్టింది.

బైపోలార్ డిజార్డర్ అన్నారు డాక్టరు గారు. లిథియం మొదలుపెట్టారు, చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష చేయించుకోవాలి. మందుతో కెరటాల ఎత్తు తగ్గింది. కానీ కోపమొచ్చిన ఆ నిమిషంలో నోరు కట్టుకోవడం, ఆలోచన వచ్చిన ఆ రాత్రి ఫోను పక్కన పెట్టడం మాత్రలతో రావు. అవి నేర్చుకోవాల్సిందే అని సైకాలజిస్టు దగ్గరికి పంపారు.

మనసులో బాధ చెప్పుకుని ఏడవడానికే అనుకుంటూ వెళ్లాను. ఆవిడేమో మొదటి రోజే నోటుపుస్తకం తెచ్చుకోమన్నారు. ట్యూషన్‌లాగా హోంవర్కు! ఆవిడ నేర్పినవాటిలో చాలావరకు డీబీటీ అనే పద్ధతిలోవి. మార్షా లినెహాన్ అనే అమెరికన్ సైకాలజిస్టు రూపొందించారు. తాను కూడా చిన్న వయసులో తీవ్రమైన మానసిక వేదన పడ్డానని ఆమె 2011లో బయటికి చెప్పారట. ఆ మాట విన్నాక నాకు పుస్తకం మీద గురి కుదిరింది.

మొదటి పాఠం కొలవడం. రోజూ పడుకునే ముందు మనసుకి ఓ అంకె వేయాలి. సున్నా అంటే మామూలు. పైకి ప్లస్ ఐదు, కిందికి మైనస్ ఐదు. పక్కనే ఎన్ని గంటలు నిద్రపోయానో, మాత్ర వేసుకున్నానో లేదో రాయాలి. నిద్ర తగ్గినా హుషారు తగ్గలేదంటే నాకది ప్రమాద ఘంట. వరసగా రెండు రాత్రులు అలా జరిగితే డాక్టరుకి ఫోన్ చేయాల్సిందే.

రెండోది, మనసు లాగేదానికి ఎదురు నడవడం. దిగులులో మనసు పడుకోమంటుంది, లేచి కనీసం మొహం కడుక్కోవాలి. హుషారెక్కినప్పుడు ఇంకా పరిగెత్తమంటుంది, అప్పుడు లైట్లు తగ్గించి, ఫోను మావారికిచ్చి, కూర్చోవాలి. కోపం నషాళానికంటితే బేసిన్లో చల్లటి నీళ్లు పోసి, ఊపిరి బిగబట్టి కాసేపు మొహం ముంచడం. గుండె దడ నెమ్మదిస్తుంది. (గుండె జబ్బున్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఇది చేయకూడదు.)

మూడోది, పెద్ద నిర్ణయమేదైనా నలభై ఎనిమిది గంటలు ఆగడం, నమ్మకమైన ఇద్దరిని అడగడం.

వీటన్నిటికంటే కష్టమైంది ఇంకోటుంది. ఓసారి టీవీ చూస్తూ పగలబడి నవ్వాను. అత్తయ్య, మావారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “మాత్ర వేసుకున్నావా?” అన్నారాయన. జబ్బు కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. నేను ఇక మామూలుగా నవ్వకూడదా? ఆ రాత్రి ఏడ్చాను. మర్నాడు ఆ పట్టీని ఫ్రిజ్ మీద అంటించాను. మళ్లీ ఓసారి అలాగే చూసినప్పుడు, “ప్లస్ ఒకటి, నిద్ర ఏడు గంటలు. జోకు బావుందండీ, అంతే” అన్నాను. ఆయన కూడా నవ్వేశారు. ఇప్పుడు ఆయన అడిగే ప్రశ్నకి నా దగ్గర కోపం కాకుండా జవాబుంది.

ఓ మాట చెప్పాలి. బాగున్నాను కదాని మధ్యలో ఒకసారి సొంతంగా మందు మానేశాను. నోటుపుస్తకం నన్ను ఆపలేదు, మళ్లీ ఆస్పత్రిలో చేరాను. మందు మందే, పాఠం పాఠమే. ఎవరిని అడగాలో తెలియనివాళ్లు ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయొచ్చు, ఖర్చేమీ ఉండదు.

మొన్న మే నెలలో ఓ రాత్రి, ఇరవై కిలోల ఆవకాయ పెట్టి అందరికీ పంచాలనిపించింది. గుండె గబగబా కొట్టుకుంది. పుస్తకంలో రాసి పడుకున్నాను. మావారిని, అక్కని అడిగాను. రెండు రోజులయ్యాక కోరిక అలాగే ఉంది గానీ, ఇరవై కిలోలు ఐదయ్యాయి. అత్తయ్యా నేనూ కలిపాం. మూడో రోజు జాడీ తిరగ కలిపి, “ఉప్పు సరిపోయిందో లేదో చూడమ్మాయ్” అని నా చేతిలో ముద్ద పెట్టారు.

మావారు స్టూలెక్కి అటక మీంచి ఆరు సీసాలు దించారు. ఆరేళ్లలో వాటిని దించడం అదే మొదలు.