వెళ్లిపోయే నాటి ధర

2014 జనవరిలో ఓ సాయంత్రం, దుబాయిలోని పాత కార్ల యార్డులో కాకినాడ ఇంజనీరు ఒకతను తన తెల్ల సెడాన్ పక్కన నిలబడి ఉన్నాడు. ప్రాజెక్టు ఆగిపోయి ఉద్యోగం పోయింది. వీసా రద్దయ్యాక దేశంలో ఉండడానికి అప్పటి నిబంధన ఇచ్చే గడువు 30 రోజులు. 22 నెలల కిందట 60,000 దిర్హాములకు కొన్న కొత్త కారు అది. యార్డువాడు చుట్టూ ఓసారి తిరిగి, 33,000 అన్నాడు. బేరానికి కావలసిన తీరిక అతనికి ఉంది. మనవాడికి లేదు.

కొన్న రోజు లెక్క ఎంతో తేలిగ్గా కనిపించింది. కారు ధరలో 80 శాతం మించి అప్పు ఇవ్వకూడదనీ, 60 నెలలు దాటి వాయిదాలు పెట్టకూడదనీ ఎమిరేట్స్ కేంద్ర బ్యాంకు 2011లో నిబంధన తెచ్చింది. అతను 12,000 చేతి నుంచి పెట్టుకుని, 48,000 అప్పు తీసుకున్నాడు. వడ్డీ 2.75 శాతమే అన్నారు. అది ఫ్లాట్ వడ్డీ. అసలు నెలనెలా తగ్గుతున్నా, వడ్డీ మాత్రం చివరిదాకా మొదటిరోజు మొత్తం మీదే పడుతుంది. మన ఇళ్ల రుణాల్లోలాగా తగ్గే అసలు మీద లెక్కగడితే అది 5 శాతం దాటుతుంది. నెలకు 910 దిర్హాముల వాయిదా. అలా 22 కట్టాక కూడా బ్యాంకు చూపించిన బాకీ 31,800 పైచిలుకు.

ముల్కియా, అంటే అక్కడి రిజిస్ట్రేషన్ కార్డు, మీద బ్యాంకు తనఖా ఉంటుంది. ముందు బాకీ తీర్చాలి, బ్యాంకు కాగితం ఇవ్వాలి, ట్రాఫిక్ జరిమానాలన్నీ కట్టాలి, ఆ తర్వాతే కారు ఇంకొకరి పేరుకు మారుతుంది. ఒక్కో మెట్టూ కొన్ని రోజులు తింటుంది. అప్పు వదిలేసి విమానం ఎక్కడం అతను ఊహించను కూడా లేదు. బ్యాంకు దగ్గర అతను సంతకం చేసిచ్చిన చెక్కు ఉంది. ఆ రోజుల్లో అక్కడ చెక్కు చెల్లకపోవడం క్రిమినల్ నేరం. ఆ చట్టాన్ని సడలించింది 2022 జనవరి నుంచే. 2009 మాంద్యంలో దుబాయి విమానాశ్రయం దగ్గర వదిలేసిన కార్ల గురించి పత్రికల్లో వచ్చిన కథనాలు చదివి నవ్వుకునేవాళ్లుంటారు. వాటి వెనక ఎంత భయం ఉండి ఉంటుందో అతనికి ఆ నెలలోనే తెలిసింది.

33,000కే అమ్మేశాడు. బాకీ, ముందుగా తీర్చినందుకు బ్యాంకు తీసుకున్న రుసుమూ పోగా చేతికొచ్చింది 900 లోపు. ఊరికి వచ్చాక నోటుబుక్కులో రాసుకున్నాడు: పెట్టింది 32,020, తిరిగొచ్చింది పోగా నెలకు 1,400 పైన. బీమా, సర్వీసు, పెట్రోలు వేరు. కారు కొనకముందు ఆఫీసు పక్కన ఏజెన్సీవాళ్లు బీమా, సర్వీసు కలిపి నెలకు 1,600 అద్దె చెబితే, "నెలనెలా ఊరికే పోసే డబ్బు" అని వద్దన్నాడు. రెండేళ్ల వీసా మీద వచ్చిన మనిషి చేత అయిదేళ్ల వాయిదాలకు సంతకం పెట్టించడం, షోరూముల్లో ఎంత మామూలైన వ్యవహారమైనా, అన్యాయమే. ఆ మాట అతనికి చెప్పినవాళ్లు లేరు.

2015లో సింగపూరు. అక్కడ కారు కొనకూడదనే అనుకున్నాడు. కానీ భార్య నర్సు; ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగిసేసరికి రైళ్లు ఆగిపోయేవి. ఇంట్లో పసిబిడ్డ. కొనక తప్పలేదు.

ఆ దేశంలో కారుకన్నా ముందు కారు ఉంచుకునే హక్కు కొనాలి. దాని పేరు సీఓఈ. 1990 నుంచి అమల్లో ఉంది, నెలకు రెండుసార్లు వేలం, పదేళ్ల చెల్లుబాటు. చిన్న కార్ల కోటాలో దాని ధర 2008 నవంబరులో ఒక వేలంలో 2 సింగపూరు డాలర్లకు పడిపోయింది. అదే కోటాలో 2023 అక్టోబరులో లక్షా ఆరువేల డాలర్లు పలికింది. దానిపైన ఏఆర్ఎఫ్ అనే రిజిస్ట్రేషన్ పన్ను. పదేళ్ల లోపు కారును రద్దు చేయిస్తే, అప్పటి నియమాల ప్రకారం ఆ పన్నులో సగం నుంచి ముప్పాతిక వంతు వరకు వెనక్కి వచ్చేది. వాడుకోని సీఓఈ కాలానికీ డబ్బు ఇస్తారు. ఈ రెండూ కలిపితే వచ్చేదాన్ని అక్కడివాళ్లు 'పేపర్ వాల్యూ' అంటారు. కారు కొనేవాళ్లు ముందు అడిగేది మైలేజీ గురించి కాదు, ఏడాదికి 'డెప్రీ' ఎంత అని. తరుగుదలన్నమాట.

ఈ పద్ధతి అతనికి ఎంతగానో నచ్చింది. దుబాయిలో తనకు ఎవరూ చూపించని అంకె ఇక్కడ ప్రతి ప్రకటనలోనూ ఉంది. 2008 జూన్‌లో రిజిస్టరైన కారును, మూడేళ్లు మిగిలి ఉండగా, 39,000 డాలర్లకు అప్పు లేకుండా కొన్నాడు. కట్టిన ఏఆర్ఎఫ్ 18,000. చివరిదాకా ఉంచితే 9,000 తిరిగొస్తుంది, అంటే ఏడాదికి 10,000 తరుగు. ఎక్కువే. కానీ కొన్నరోజే తెలిసిన ఎక్కువ.

2017లో తిరుగు ప్రయాణం ఖాయమైనప్పుడు మే ఆఖరివారంలోనే అమ్మకానికి దిగాడు. కారుకు తొమ్మిదేళ్లు నిండితే తిరిగొచ్చే పన్ను 55 నుంచి 50 శాతానికి జారేది. ఆ ఒక్క తేదీ విలువ 900 డాలర్లు. డీలరు 13,000 దగ్గర మొదలుపెట్టాడు. అతను రిబేటు లెక్క తీసి బల్లమీద పెట్టాడు: పన్నులో 9,900, సీఓఈలో దాదాపు 1,600. ఈ కారు ఎవరూ నడపకపోయినా 11,500 చేస్తుంది; నడపడానికి ఇంకా ఏడాది ఉంది. బేరం 15,000 దగ్గర కుదిరింది. ఆ డబ్బు సమయానికే అందింది. విదేశీ ఉద్యోగి వెళ్లిపోతున్నప్పుడు పన్ను తేలేదాకా అక్కడి యజమాని చివరి జీతం ఆపాలి. టిక్కెట్లకూ, సామాను పంపడానికీ ఖర్చయింది కారు సొమ్మే.

అమ్మకముందు కాకినాడ నుంచి బావమరిది ఫోన్ చేశాడు. "స్టీరింగు కుడివైపే కదా బావా, ఓడెక్కించి తెచ్చేయకూడదూ?" అందరికీ వచ్చే ఆశే. పాత కారు భారతదేశానికి రావాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, ముంబై రేవు గుండానే దిగాలి. 2017లో దాని మీద మూల సుంకమే 125 శాతం. తొమ్మిదేళ్ల బండికి మొదటి షరతు దగ్గరే తలుపు మూసుకుంది. బిడ్డను మొదటిసారి ఇంటికి తెచ్చిన కారది. తాళాలు ఇచ్చేటప్పుడు భార్య కళ్లు తుడుచుకుంది.

హైదరాబాదు వచ్చాక మియాపూర్‌లో ఒక పాత హ్యాచ్‌బ్యాక్ నచ్చింది. 4,20,000 రూపాయలు. ఆర్‌సీలో ముందు యజమాని తీసుకున్న అప్పు తాలూకు హైపోథికేషన్ ఇంకా అలాగే ఉంది. "అప్పు ఎప్పుడో తీరిపోయింది సార్, కాగితమే మిగిలింది" అన్నాడు అమ్మేవాడు. ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ వచ్చి, ఆర్‌సీలో బ్యాంకు పేరు చెరిగేదాకా అతను ఒక్క రూపాయి అడ్వాన్సు ఇవ్వలేదు. మూడు వారాలు పట్టింది. అన్నాళ్లూ ఆఫీసుకు షేర్ ఆటోలోనే వెళ్లాడు.