బాలల చిత్రలేఖన పోటీలు – పెద్దల కర్తవ్యము

కళలు అరువదినాలుగని పెద్దలు లెక్కించిరి. ఆలేఖ్యము, అనగా చిత్రలేఖనము, వానిలో నొకటి. ఐనను మన యిండ్లలో పిల్లవాడు కుంచె పట్టినంతనే "లెక్కలు చేసితివా?" యను ప్రశ్నయే వినవచ్చును. అట్టిచో ఉన్నత పాఠశాల విద్యార్థులకు చిత్రలేఖన పోటీలు జరుపుట యెందులకో విచారింప దలచితిమి.

మన బెంగుళూరున అవకాశములకు కొదువ లేదు. కర్ణాటక విద్యాశాఖవారి ప్రతిభా కారంజిలో చిత్రలేఖనమునకు చోటు కలదు. కేంద్రప్రభుత్వము 2015లో కళా ఉత్సవమును ఆరంభించినది. కుమారకృపా మార్గమున చిత్రకళా పరిషత్తువారి చిత్రసంత జరుగుచుండును. అమెరికాలో 1982 నుండి ఉన్నత పాఠశాల విద్యార్థుల చిత్రములను పోటీలో ఎంపికచేసి, వారి శాసనసభా భవనమున ఏడాదిపాటు ప్రదర్శించుచున్నారు.

ఉద్యోగవిరమణానంతరము మేము ఇట్టి పోటీలలో పేర్లు వ్రాసికొను పనికి కూర్చుండుచుందుము. కాగితముల వెనుక ముద్రవేసి, క్రమసంఖ్య వ్రాసి పంచుట మా వంతు. గుమాస్తాగిరి చేసినవారికి అది చేతనైన పని గదా! "మన పల్లె" యని విషయమీయగనే రెండు కొండలు, నడుమ సూర్యుడు, ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు – పది కాగితములలో నొకే పల్లె! బహుళాంతస్తుల భవనములలో పెరిగిన బిడ్డలు చూడని పల్లెను వ్రాయక యేమి చేయుదురు?

ఒకమారు పదవ తరగతి బాలిక యొకతె, మిద్దెమీద బట్టలారవేసిన తీగలక్రింద చేటతో బియ్యము చెరుగుచున్న నాయనమ్మను చిత్రించినది. బహుమతి రాలేదు. "తాతగారూ, నా బొమ్మలో లోపమేమండీ?" యని మమ్మడిగినది. చెప్పవలసిన న్యాయనిర్ణేతలు అప్పటికే వెడలిపోయిరి. ఇకమీదట బొమ్మలు కట్టిపెట్టి చదువుకొనవలెనని యింట ఆజ్ఞయట!

ఇచ్చట దామెర్ల రామారావుగారిని స్మరింపవలెను. రాజమహేంద్రవర ప్రభుత్వ కళాశాల ప్రధానాచార్యుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆ బాలుని చేతిలోని శక్తిని గుర్తించెను. ప్రోత్సహించి, బొంబాయి జె.జె. కళాశాలలో చదువుటకు తోడ్పడెను. 1925లో, ఇరువదియెనిమిదవ యేట, రామారావుగారు అస్తమించిరి. ఐనను వారి చిత్రములు రాజమహేంద్రవరమున చిత్రశాలయై నిలిచినవి. అంతటి ఫలమునకు మూలము, చూడనేర్చిన యొక పెద్దమనిషి కన్ను.

కావున పోటీలు జరుపు సంఘములవారికి మా విన్నపములు మూడు. విషయమును పిల్లలు కన్నులార చూచినదానినుండి యీయుడు. బహుమతి రాని చిత్రముపైన సైతము న్యాయనిర్ణేతచేత రెండు వాక్యములు వ్రాయించి తిరిగి యిండు. వెండిగిన్నెలకు బదులు మంచి కాగితములు, రంగులు బహూకరింపుడు. మన బిడ్డలలో తెలుగు చదువ నేరనివారు పెక్కుమంది కలరు; తాము వ్రాసిన బొమ్మను గూర్చి ఇంటి పెద్దలకు తెలుగున చెప్పుమని వారినడుగుడు. భాషయు కళయు ఒక్కమారే అలవడును.

గెలిచినవారిని సభ మెచ్చుకొనును. గెలువనివారు ఇంటికి పోయి మరల కుంచె పట్టునట్లు చూచుటయే మన పని.