నందన మేళాలో నాకు నచ్చిన బొమ్మలు

మా అక్క శాంతినికేతనంలో, కళాభవనంలో చదువుతున్నది. ఈసారి నందన మేళాకు నన్ను కూడా రమ్మన్నది. నాన్నా, నేనూ రాజమండ్రిలో రైలెక్కి హౌరాలో దిగాం. అక్కడ ఇంకో బండి ఎక్కితే సుమారు మూడు గంటలకు బోల్పూరు వచ్చింది. శాంతినికేతనం ఆ ఊరి పక్కనే. ఎక్కడ చూసినా ఎర్ర కంకర నేల, తాడిచెట్లు.

కళాభవనం 1919లో మొదలైంది. నందలాల్ బోస్ అనే గొప్ప చిత్రకారుడు చాలా ఏళ్ళు దానికి పెద్దగా ఉన్నారు. ఆయన పుట్టినరోజు డిసెంబరు 3. దానికి ముందు రెండు రోజులూ అక్కడి విద్యార్థులూ, ఉపాధ్యాయులూ తాము చేసిన బొమ్మలు ప్రదర్శనకు పెట్టి అమ్ముతారు. వచ్చిన డబ్బు విద్యార్థుల సహాయనిధికి పోతుంది. మేము వెళ్ళేసరికి చెట్లకింద అంగళ్ళు వెలిసి ఉన్నాయి. రంగులు వేసిన మట్టి మూకుళ్ళు, పింగాణీ గిన్నెలు, కేలండర్లు—ఒకటా, రెండా!

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నా కళ్ళద్దాలు చాలా మందం. అవి తీసేస్తే అక్క మొహం కూడా నాకు మసకగానే కనిపిస్తుంది. నాకేమో బొమ్మలు వెయ్యడమంటే ప్రాణం. "అసలే చూపు అంతంతమాత్రం, నీకు బొమ్మలెందుకే?" అని ఇంటికి వచ్చినవాళ్ళల్లా అంటారు. అందుకని రెండు నెలలుగా నేను కుంచె ముట్టుకోలేదు. ఈ మాట అక్కకు ఎవరు చేరవేశారో నాకు తెలియదు.

ఆవరణలో ముందుగా రాంకింకర్ బైజ్ 1938లో చేసిన "సంతాల్ కుటుంబం" చూశాం. కావడి మోసే మనిషి, అతని భార్య, వెంట కుక్క—ఊరు విడిచి పోతున్నారు. దాన్ని సిమెంటూ, కంకరా కలిపి చేశారు. విగ్రహం గరుకుగా, ఆ నేలలోనుంచి లేచి నడుస్తున్నట్టే ఉన్నది. నాన్న అక్కణ్ణించి ఒక పట్టాన కదలలేదు. మా తాతగారు కావడితోనే నీళ్ళు మోసేవారట.

తరవాత అక్క నన్ను ఒక గోడదగ్గిరికి తీసుకుపోయింది. పింగాణీ పలకలతో కూర్చిన బొమ్మ అది.

"ఇది చేసినాయన పేరు వినోద్ బిహారీ ముఖర్జీ. ఆయనకు చిన్నప్పుడే ఒక కన్ను లేదు, రెండోదానికి చూపు తక్కువ. అయినా గోడలకు గోడలే చిత్రించారు. యాభై దాటాక ఆపరేషను వికటించి ఆ చూపు కూడా పోయింది. ఈ గోడ 1972 నాటిది," అన్నది అక్క.

"అంటే, చూపు పోయాక చేశారా?" అన్నాను.

"పోయాకే. చేతులతో తడుముకుని."

ఆయన దగ్గిర చదువుకున్న సత్యజిత్ రాయ్ అదే ఏడు ఆయనమీద ఒక చిన్న సినిమా తీశారట. నేను అద్దాలు తీసి చూశాను. బొమ్మ చెదిరిపోయి ఉత్త రంగులు మిగిలాయి. మళ్ళీ పెట్టుకున్నాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అక్క మాత్రం తొందరపెట్టలేదు.

మేళాలో నాకు అన్నిటికన్నా నచ్చినది అరచెయ్యంత అచ్చుబొమ్మ. వానలో తాడిచెట్టు, దానికింద తడుస్తున్న మేక. దాన్ని అక్క తరగతి అబ్బాయే చేశాడు. చెక్కమీద ఉలితో చెక్కి, సిరా రాసి, కాగితం అద్దుతారు. చెక్కేసిన చోటు తెల్లగానూ, చెక్కకుండా వదిలిన చోటు నల్లగానూ పడుతుంది. అంటే ఆ వానధారలన్నీ చెక్కలో గాట్లే! అతను చెక్కను నా చేతికిచ్చాడు. కళ్ళు మూసుకుని వేలితో తడిమాను. ముందు గాట్లు, తరవాత చెట్టు మాను తగిలాయి. మేక కొమ్ములు మటుకు ఎంతకీ దొరకలేదు.

"కుడిపక్క వెతుకు! అచ్చులో ఎడమకు తిరిగినది చెక్కమీద కుడికి ఉంటుంది," అని అతను నవ్వాడు.

దొరికాయి! అమ్మ ఇచ్చిన డబ్బుతో ఆ బొమ్మ కొనేశాను. గాజులు తెమ్మని ఇచ్చిన డబ్బది. ఆ తగువు ఇంటికి వెళ్ళాక.

బయలుదేరేటప్పుడు అక్క నా సంచిలో ఒక చెక్కముక్కా, చిన్న ఉలీ పెట్టింది. రైల్లో నాన్న రెండుసార్లు అడిగారు, ఏం చెక్కుతావని. మా గేదెను అన్నాను. చెక్కమీద దాని మొహం ఎటు తిరిగి ఉండాలన్నది మటుకు ఇంకా తేలలేదు.